జనార్దన్ ఇంకా ఇంటికి రాలేదు

గురువారం

జీడిమెట్ల ఫ్యాక్టరీలో నా మీద విచారణ జరిగినప్పుడు, నా తరఫున సాక్ష్యం చెబుతానని మాటిచ్చిన స్నేహితుడు సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టాడు. నా ఉద్యోగం పోయింది. ముసలితనంలో ఒకడు డాబర్‌మన్ అని నమ్మించి నాటు కుక్కపిల్లను అంటగడితే, దానికి ఆ స్నేహితుడి పేరే పెట్టాను. "జనార్దన్, కూర్చో! జనార్దన్, నోర్మూయ్!" అంటూ తొమ్మిదేళ్లుగా కసి తీర్చుకుంటున్నాను. ఉద్యోగం పోయాక ఎన్ని పుస్తకాలు చదివినా అంత తృప్తి దొరకలేదు.

ఈరోజు పొద్దున పెళ్లి బారాత్‌లో టపాకాయలు పేలితే, అది బెదిరి గొలుసు తెంపుకుని పారిపోయింది. సాయంత్రం దాకా శామీర్‌పేట వీధుల్లో పిలుస్తూ తిరిగాను. మక్కకంకులు కాలుస్తున్న ఆమె నన్ను ఆపింది.

"ఎవర్ని పిలుస్తున్నవ్ తాతా? మన్మడు తప్పిపోయిండా?"

"కాదమ్మా, కుక్క."

"కుక్కకు మనిషి పేరేంది! గంత ముద్దుగ పిలుస్తుంటే మన్మడే అనుకున్న."

ముద్దుగానా? ఆ పేరునా? నా గొంతు ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు.

గేటు తెరిచే ఉంచాను. గిన్నెలో పెరుగన్నం ఎండిపోతోంది. పాత కోపమైనా తోడుంటుందని, విచారణ రోజు ఖాళీగా ఉన్న సాక్షి కుర్చీని గుర్తు తెచ్చుకున్నాను. కుర్చీలో కుక్క మొహమే కనిపిస్తోంది. దాని పేరు చెడగొట్టడం ఇక నావల్ల కాదు. ఉత్త జనార్దన్ అంటే ఇక నా కుక్కే; అందుకే ఆ స్నేహితుడి పూర్తి పేరు రాస్తున్నాను. నన్ను ముంచినవాడు బొడ్డుపల్లి జనార్దన్ రావు.