కోరం చెడగొట్టే పిల్ల

తార్నాక కాలనీ సంఘం కార్యదర్శి కొండలరావు గారికి నమస్కారాలు.

వాట్సాప్ చెల్లదు, కాగితం మీదే రాసివ్వమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ నీళ్ల ట్యాంకు గోడకు పట్టిన జిగట పాచి నాకు కావాలి. సోమవారం ఆసిడ్ పోసి కడిగిస్తారట, ఆలోపే కావాలి. బి బ్లాకులో ఉండే స్నేహితురాలు తెచ్చిన నీళ్లలో చూశాను, అంత మొండి బాక్టీరియా ఇంకెక్కడా దొరకలేదు. అది పోతే నా పని అక్కడితో ఆగిపోతుంది.

బాక్టీరియా ఒంటరిగా ఏమీ చెయ్యదు. వాటిలో అవి మాట్లాడుకుని, చాలినన్ని చేరి కోరం నిండాకే మన మీద పడతాయి. యాంటీబయాటిక్ వాటిని చంపాలని చూస్తుంది, కొన్నాళ్లకు అవి దానికే అలవాటు పడతాయి. నేను తయారుచేసే మందుతో వాటిని చంపను. కాలనీలో మాటలు ఆపేసి, కోరం నిండకుండా చేస్తాను.

ఇట్లు,
దీప్తి

తా.క. గీకడానికి చెంచా నేనే తెచ్చుకుంటాను.

---

కుమారి దీప్తికి,

ఏ ఉత్తరమైనా నేను మొదటి పేరా, సంతకం పైనున్న వాక్యం మాత్రమే చదువుతాను, అసలు సంగతి అక్కడే ఉంటుంది. అయితే మా కాలనీలో కోరం చెడగొడుతున్నది నువ్వన్నమాట! రెండేళ్లుగా మీటింగు పెడితే నేనూ కుర్చీలూ తప్ప ఎవరూ ఉండటం లేదు. ఈ పనికి నిన్ను పెట్టింది బి బ్లాకు వాళ్లేనా? పాచీ లేదు, గీచీ లేదు.

కొండలరావు, కార్యదర్శి

తా.క. మా ఆవిడ విశాలాక్షి కనుక్కోమంది: ఆ మాటలు ఆపే మందు మగవాళ్ల మీద పనిచేస్తుందా?

---

కొండలరావు గారికి,

అయ్యా, నేను చెప్పిన కాలనీ గాజు పళ్లెంలో పెరిగే బాక్టీరియాది, మీది కాదు. నన్ను ఏ బ్లాకూ పెట్టలేదు. మెట్టుగూడలో మా నాన్న కాలి పుండుతో మంచం మీద ఉన్నారు. ఏ మందుకూ లొంగలేదు. నాది తయారయ్యేసరికి ఆయనకు అందదని తెలుసు, ఏడుపొస్తుంది. అయినా వదలను. ఆదివారం మీ మీటింగుకొచ్చి అందరినీ అడుగుతాను. ఎవరూ రాకపోతే కుర్చీలనే అడుగుతాను.

దీప్తి

తా.క. ఆంటీగారికి చెప్పండి, మగవాళ్ల మీద ఇంకా పరీక్షించలేదు.

---

అమ్మా దీప్తీ,

నువ్వు మాట్లాడి వెళ్లాక జరిగింది రాస్తున్నాను. కోరం చెడగొట్టే పిల్లను చూద్దామని రెండు బ్లాకులూ దిగాయి కదా, కోరం నిండిపోయింది. మీ నాన్నగారి సంగతి విన్నాక ఎవరూ అడ్డు చెప్పలేదు. పాచి నీకే, నువ్వు తీసుకున్నాకే కడగడం.

నేను మురిసిపోతుండగా ఎవరో గుర్తు చేశారు, కోరం నిండితే రెండేళ్లుగా ఆగిన ఎన్నిక పెట్టాలట. పెట్టారు. నన్ను దించేశారు. కొత్త కార్యదర్శి విశాలాక్షి.

మాజీ కార్యదర్శి,
కొండలరావు

తా.క. రేపు పొద్దున్నే రా. పాచి గీకడానికి ట్యాంకులోకి నేనే దిగాలని తీర్మానం చేశారు. కోరం ఉంది, కాదనలేను.