ఎన్‌లార్జర్‌కి మసక లేదు

అక్కా,

పాత సామాన్లవాడు ఇవాళ వస్తానన్నాడు. వస్తే ఎన్‌లార్జర్ ఇవ్వకు. కొత్తది కొనే ఆలోచన మానుకున్నామని చెప్పి పంపించెయ్. నేను స్కూల్లో గ్రూప్ ఫొటో తియ్యడానికి వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను.

ప్రింట్లన్నీ మసగ్గా వస్తున్నాయని నువ్వు దాన్ని తిట్టని రోజు లేదు. లెన్స్‌కి బూజు పట్టిందన్నావు, మిషన్ తల కిందికి జారిపోతోందన్నావు. నిన్న నువ్వు బజారుకి వెళ్ళగానే డార్క్‌రూమ్‌లో దూరాను. ఫోకస్ నాబ్ ఎవర్నీ ముట్టుకోనివ్వవు కదా, ముట్టుకున్నాను. నువ్వు విసుగొచ్చి పక్కన పడేసిన మంగలి తాత నెగటివే పెట్టి, నేనే ఫోకస్ చేసి ప్రింటు తీశాను. తీగ మీద ఆరేశాను, చూడు. ఆయన గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

మిషన్‌కి ఏ రోగమూ లేదక్కా. ఫొటో చెడగొట్టుకుని నేను కెమెరాని తిట్టినప్పుడల్లా 'ఆడలేక మద్దెల ఓడన్నాడట' అని నవ్వేదానివి. ఆ మాట ఇప్పుడు నిన్ను అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ ప్రింటు కూడా నీకు మసగ్గానే కనిపిస్తే నా దగ్గర దాచకు. సాయంత్రం తయారై ఉండు, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. రానని మొండికేస్తే డార్క్‌రూమ్‌కి తాళం వేసి చెవి నా జేబులో పెట్టుకుంటాను. ఉత్తినే అనడం లేదు.

తమ్ముడు

అన్నట్టు, ఇంత చిన్న సంగతికి కాగితం రెండు వైపులా ఎందుకు నింపావని అడక్కు. అక్షరాలు కావాలనే పెద్దవి రాశాను.