నీ తలుపు రంగు

అక్కా,

నిన్న మీ వీధి కుక్కలకు రేబిస్ సూదులు వేయడానికి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. నన్ను చూసి నువ్వు కిటికీ మూసుకున్నావు. సూది వేసిన కుక్కకు గుర్తుగా నుదుటి మీద ఆకుపచ్చ రంగు పూస్తాం. నీ కుక్కకు అప్పటికే రంగు ఉండేసరికి మావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆగిపోయాను. అది మా డబ్బాలో రంగు కాదు, నీ తలుపు రంగు. ఎవరికీ చెప్పలేదులే.

ఎందుకు పూశావో తెలుసు. పన్నెండేళ్ల క్రితం, నిన్న మేమొచ్చిన ఈ మునిసిపాలిటీ బండిలోనే నీ నల్ల కుక్కను తీసుకెళ్లింది నేనే. అప్పట్లో మాకు చంపమనే ఉత్తర్వు. అది తిరిగి రాలేదు, నువ్వు మళ్లీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడా పద్ధతి పోయింది. బండిలో సూదిమందు, మంచుపెట్టె తప్ప ఏమీ ఉండవు. దేశమంతా కుక్కలకు ఇలా సూదులు వేస్తేనే ఈ జబ్బు వదులుతుందట. నీ మనవరాలు నీ కుక్క మెడ కావలించుకుని ఆడుకోవడం చూశాను. దానికి సూది పడలేదని నీకూ నాకూ తెలుసు.

గురువారం ఒక్కణ్ణే వస్తాను. వల తీసుకురాను. దాని తల ఒళ్లో పెట్టుకుని నువ్వే పట్టుకో, క్షణంలో అయిపోతుంది. అది నన్ను చూసి మొరిగితే మొరగనీ. నువ్వు మాత్రం తలుపు తియ్యి.

నీ తమ్ముడు