మిషను కింద

ఏవండీ,

మన రేపల్లెలో పోయినవాళ్ళు తమ పనిముట్టు దగ్గరికి వస్తూ ఉంటారని, దాన్నెవరూ మార్చరు. మీరు పోయాక కూడా రోజూ తెనాలి రైలు రాగానే, మీరు పనికి కూర్చునే వేళకి, మీ కుట్టుమిషను పెడలు దానంతటదే ఆడేది. నేను ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టుకునేదాన్ని.

నిన్న ఆ పెడలు తీయించి మోటారు పెట్టించాను. "ఏంటే ఈ పని, మోకాళ్ళ నొప్పులా?" అంది పక్కింటి పిన్ని. అవునన్నాను. అబద్ధమండీ. ఇవాళ బాపట్ల నుంచి ఒకాయన నన్ను చూసుకోవడానికి పెళ్ళిచూపులకి వచ్చారు. ఆయన ముందు మీరొస్తారని భయపడ్డాను.

రైలొచ్చింది. మిషను కదల్లేదు. నవ్వుతూ టీ ఇచ్చాను.

ఆయన వెళ్ళాక వంగి చూశాను. పెడలుండే చోట, సుద్దపొడిలో, మీ పాదాలు దానికోసం తడుముకున్న గుర్తులు.