నీటి మాటు తమ్ముడికి చెందదు

ఏటి ఒడ్డున స్టూడియో నడుపుతూ, పిట్టల ఫొటోలు తీసుకునే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో వ్రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. అక్షరాలు వంకరపోయాయని ఎవరూ కోర్టుకెక్కవద్దు.

1. ఇల్లు, స్టూడియో, బ్యాంకులో ఉన్నది నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ముందుగదిలోని కొంగల ఫొటో తీసెయ్యమని ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఇక నిరభ్యంతరంగా తీసెయ్యవచ్చు. బీరువా వెనక అట్టపెట్టెలో ఉన్నవన్నీ ఆమె ఫొటోలే. పిట్టలకు తీసినట్టే, చప్పుడు కాకుండా తీశాను.

2. పెద్ద లెన్సు తమ్ముడికి. అడిగి తీసుకెళ్లి, గీత పెట్టి తెచ్చి, ఆ గీత ముందునుంచీ ఉందని వాడు వాదించిన లెన్సు ఇదే. గీతతో సహా అనుభవించవలెను.

3. పాత కెమెరాలు రెండూ వాటిని బాగుచేసిన మేస్త్రికి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే.

4. నీటి మాటు ఎవరికీ చెందదు. తమ్ముడికి అసలే చెందదు.

లారీ ట్యూబు మీద బద్దలు కట్టి, గుడ్డ కప్పి, నడుంలోతు నీళ్లలో దాక్కుని ఫొటోలు తీసుకునే గూడు అది. పిట్టలు బెదరకూడదని దాన్ని ఏట్లో ఒకేచోట కట్టి ఉంచి, రోజూ ఒకే వేళకు వెళ్లాను. పిట్టలు అలవాటుపడ్డాయి. మొసలి కూడా అలవాటుపడుతుందని నాకు తట్టలేదు.

నిన్న ఈ నెల ఫొటోలు వరుసగా చూశాను. మొదటివాటిలో లకుముకి పిట్ట వెనక, దూరంగా, మసకగా ఒక మొద్దు. తర్వాతవాటిలో ఇంకాస్త దగ్గర. పిట్ట కన్ను స్పష్టంగా వచ్చిందా అనే చూసుకున్నాను గాని, వెనక ఏముందో పట్టించుకోలేదు. చివరి ఫొటోలో మొద్దుకు కళ్లున్నాయి.

నేను లేనప్పుడు తమ్ముడు అవతలి ఒడ్డునుంచి వచ్చి అందులో కూర్చుంటాడు. ఇన్నాళ్లూ నాకు తెలియదనుకున్నాడు. మా పనిలో మంచి చోటు దొరికితే పాములున్నాయనో, ఊబి ఉందనో చెప్పి పక్కవాణ్ణి రానివ్వరు. ఆ విద్య వాడికి నేర్పింది నేనే. అందుకే ఇవాళ ఫోనులో మొసలి అనగానే నవ్వాడు. "నువ్వు నేర్పిన అబద్ధం నాకే చెబుతున్నావా అన్నయ్యా? రేపు తెల్లారకముందే అక్కడుంటా" అన్నాడు. ఫొటో పంపితే, మొద్దును చూపించి హడలగొడుతున్నావా అని రాశాడు. ఇప్పుడు ఫోనే తీయడం లేదు.

వంతెన దాటి వెళ్లి ఆపుదామంటే, ఏ దారిన నీళ్లలో దిగుతాడో నాకెప్పుడూ చెప్పలేదు. అటవీశాఖవారు సోమవారం వస్తామన్నారు. పడవ మనిషి మొసలి పేరు వినగానే పడవను ఒడ్డెక్కించేశాడు. కాబట్టి ఈ రాత్రే, వాడికన్నా ముందు నేనే దిగి, తాడు కోసి, మాటును ఏటికి వదిలేస్తాను.

5. నేను క్షేమంగా ఇల్లు చేరితే ఈ కాగితం చెల్లదు. మేస్త్రి దీన్ని చించేయవలెను. నా భార్యకు తెలియనివ్వకూడదు.

6. తమ్ముడూ, నేను కనిపించకపోతే వెతకడానికి నీళ్లలో దిగవద్దు. ఎవరు ఏడ్చినా, ఎవరు పంపినా దిగవద్దు. నాకు చాలా భయంగా ఉందిరా. ఈ ఒక్కమాటైనా నమ్ము.

మార్చి పదకొండు, శనివారం సాయంత్రం.

(సంతకం) పిట్టలాయన

సాక్షులు, లోపలి సంగతి చదవకుండా సంతకం చేసినవారు:
స్టూడియో పక్క టైలరు
పడవ మనిషి