కింది అరలో అన్నం

ఏమండీ, అన్నం, కూర, పళ్లెం వంటగదిలో కింది అరలో ఉన్నాయి. ఫిజియో అమ్మాయి చూపించినట్టు మోకాళ్లు మడిచి కూర్చుని తీసుకోండి. చెప్పులు కూడా నేల మీదే ఉన్నాయి. స్టూలు కోసం వెతక్కండి, పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశాను. ఆవిడ చేతికి వెళ్లిన వస్తువు తిరిగి రాదని మీకు తెలుసు.

నిన్న డాక్టరమ్మ స్కాన్ చూసి, ఎముక బాగానే ఉంది, వెన్నుకి రెండు పక్కలా కండలే సన్నబడి మధ్యలో కొవ్వు చేరిందన్నారు. ఇంట్లో వంగే పనులేమైనా చేస్తారా అని అడిగితే, "మా ఆవిడ నన్ను గడ్డిపరక కూడా ఎత్తనివ్వదండీ" అని మీరు గొప్పగా చెప్పారు. డాక్టరమ్మ నావైపు చూశారు. ఆరేళ్ల నా సేవంతా ఆ ఫిల్ములో తెల్లటి చారలై కనిపించింది. మీరేమో ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆరేళ్ల కిందట బస్సు డ్యూటీ దిగి వచ్చి, నడుము నొప్పితో వంగి సాక్సు విప్పుకోలేక మీరు ఏడ్చిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ మర్నాడే ఇంట్లో వస్తువులన్నీ మీ నడుము ఎత్తుకి చేర్చాను. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు.

నొప్పి మరీ పెరిగితే ఆపేసి నాకు కుట్టు షాపుకి ఫోన్ చేయండి. పిన్నిగారి కాళ్లు పట్టుకునైనా స్టూలు తెస్తాను.

రోజూ ఫ్రిజ్ మీద అంటించే చీటీని ఇవాళ కావాలనే కింది అర తలుపుకి అంటించాను. ఇక్కడిదాకా చదివారంటే రెండు నిమిషాలుగా కిందే కూర్చున్నారు. ఇక మెల్లగా లేవండి. పళ్లెం మర్చిపోయి లేచారంటే మళ్లీ కూర్చోవాలి.