మిగిలిన తొంభై కిలోమీటర్లు

ఆదివారం రాత్రి

అక్కను యాదగిరిగుట్టకు తీసుకెళ్లి వచ్చాను. కరెంటు కారు కొన్నాక ఊరు దాటడం ఇదే మొదటిసారి. ఒక్కసారి చార్జింగ్ పెడితే కంపెనీ చెప్పినంత దూరం ఇది రాదని మొదటి నెలలోనే తెలిసింది. అక్కకు మాత్రం చెప్పలేదు. కొన్నప్పుడు ఆ కిలోమీటర్ల అంకెను బస్తీ అంతా గొప్పగా చెప్పుకుంది నేనే కదా.

తిరుగు దారిలో భువనగిరి దాటగానే మీటరులో మిగిలిన కిలోమీటర్లు గబగబా తగ్గుతున్నట్టు అనిపించింది. భయపడి ఏసీ ఆపేశాను.

"ఏసీ బంద్ చేసినవేంది తమ్మీ?"

"బయటి గాలి మంచిగుంది గదక్కా," అన్నాను. బయట ఎండ మండిపోతోంది.

అక్క అద్దం దించుకుని నవ్వింది. "బాపు గూడ గిట్లనే. దిగుడు వస్తే చాలు, స్కూటర్ ఇంజన్ బంద్ చేసేటోడు. ట్యాంకుల పెట్రోల్ ఉంటుండె. మనిషికే నమ్మకం లేకుండె."

నాకు నవ్వు రాలేదు. బాపు అలా చేసినప్పుడల్లా వెనక కూర్చుని విసుక్కున్నది నేనే.

యాకుత్‌పురాలో అక్క ఇంటి ముందు కారు ఆపాను. "మంచిగ తీస్కపోయినవ్ తమ్మీ," అంటూ దిగింది. చీర చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది.

మీటరు చూశాను. ఇంకా తొంభై కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి.